రెండు గాలుల మధ్య

మే నెల. వేట నిషేధం.
పెదజాలరిపేట సందులో
మా మసేను తెప్ప బోర్లా పడుకుంది
నాలుగు లారీ టైర్ల మీద, మా మెట్లకి అడ్డంగా.
తొమ్మిది రోజులుగా
దాని పక్కనుంచి ఒత్తిగిల్లి ఇంట్లోకి వెళ్తున్నాం.

కొత్తది కాదు. ఎవరో వాడి, విసిగి, అమ్మేసింది.
ఎనభై నంబరు కాగితంతో గీకుతుంటే
నీలం కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చ కింద ఎవరిదో సగం పేరు: లమ్మ.
నూకాలమ్మో, పోలమ్మో, ఏ ఇంటి పిల్లో.
మూతి దగ్గర పాత అతుకు ఒకటి.
వేసినవాడెవడో గాని శ్రద్ధగా వేశాడు.
దాని మీద మాత్రం కాగితం మెల్లగా తిప్పాడు మసేను.

నేను మందుల షాపులో చేస్తాను.
అందుకని హార్డనర్ కొలిచే పని నాకిచ్చారు.
ఇరవై మిల్లీలీటర్ల సిరంజి, సూది తీసేసి.
కిలోకి ఇరవై అని డబ్బా మీద ఉంది.
అది రాసినవాడు మా సందులో
మే నెల ఉక్కలో నిలబడి రాసుండడు.
"తగ్గిద్దారా" అన్నాను.
"రాసింది రాసినట్టు పోసీ అప్పా" అన్నాడు.
పోశాను.

ఏడు నిమిషాలు.
గన్ను గొంతులో జెల్‌కోటు
తాటిముంజెలా బిగుసుకుంది.
కప్పు పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది.
అర కిలో. ఐదొందల చిల్లర.
గన్ను విప్పి ముక్కలన్నీ అసిటోన్‌లో పడేసి
వాడు నాకేసి చూడలేదు, నేను వాడికేసి చూడలేదు.
గడపలోంచి వదినే అడిగింది,
"ముంజెలు డజనెంత?"

ఇక గాలి సంగతి.
తెల్లారగట్ల కైలాసగిరి మీంచి దిగేది కొండగాలి,
తెప్పకి ఒళ్ళంతా చెమ్మ పట్టిస్తుంది.
పదిన్నర దాటాక సముద్రం గాలి,
ఇసక తెస్తుంది, ఉప్పు తెస్తుంది,
కాస్త దక్షిణానికి తిరిగితే పోర్టు బొగ్గు తెస్తుంది.
మధ్యలో ఒక గంట.
ఎటు వీచాలో తేల్చుకోని గంట.
"గాలి కూకుంది" అనేవాడు మా పెదనాన్న.
తెరచాప నాటి మనిషి,
ఆ గంటని బూతులు తిట్టేవాడు.
మేం దానికోసం మూడు రోజులు కాచుకున్నాం.

నాలుగో రోజు కూకుంది.
ఎండుచేపల బరకాలు ఎత్తేశారు.
చీపుళ్ళు ఆపించాం. పిల్లల్ని ఐసుబండి దగ్గరికి తోలాం.
దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు.
పంచరుషాపు కొర్లయ్య కంప్రెసర్ ఒక్కటే
ఆయాసపడుతోంది.
పన్నెండు మిల్లీలీటర్లు లాగాను.
ఎంతని వాడడగలేదు.

మూరెడు దూరంలో గన్ను, ఆగకుండా కదిలే చెయ్యి.
చెయ్యి ఆగిన చోట కారుతుంది.
మొదటి వరస నీళ్ళు చిలకరించినట్టుంది, అంతే.
రెండోది పలచని మజ్జిగ.
మూడోదానికి ఆకుపచ్చ మునిగింది.
ఆ పేరులో చివరి మకారం కింది వత్తు
అన్నిటికన్నా ఆలస్యంగా పోయింది.

ఆఖరి కోటులో మైనం కలపాలి.
లేకపోతే గాలి తగిలే పైభాగం
ఎన్నాళ్ళకీ పచ్చిగానే ఉండిపోతుందట.
ఇన్ని గాలులు తప్పించుకుని వస్తే
దీనికి అసలు గాలే పడదు!
కలిపాను.

పదీ నలభైకి
మేడమీద ఆరేసిన లుంగీ కదిలింది.
ఇంకా వెనకపక్క జానెడు మిగిలుంది.
మసేను తల ఎత్తలేదు,
వాడి భుజం మాత్రం వేగం పెంచింది.
గన్ను ఖాళీ అయ్యేసరికి తెలుపు మీద
మిరియప్పొడిలా బొగ్గు. లెక్కపెడితే పదకొండు చుక్కలు.
"గీకి మళ్ళీ కొట్టాలా?"
చాలాసేపు చూశాడు.
"నీటి కింద ఉండేదే" అన్నాడు.
అది నీటికి పైన ఉండే భాగమని
ఇద్దరికీ తెలుసు.

మర్నాడు షాపులో
మాత్రల స్ట్రిప్పు కత్తిరిస్తుంటే
ముసలాయనెవరో నా గోళ్ళు చూశాడు,
"సున్నం వేస్తున్నారా ఇంటికి?"
ఏదో చెప్పబోయాను.
కరెంటు పోయింది. ఫ్యాను నిదానించి ఆగింది.
వీధిలో ఆకు కదలడంలేదు.
గాలి కూకుంది.
నా చెయ్యి దానంతటదే
సిరంజిల పెట్టె వైపు వెళ్ళింది.